ఇంటికప్పుమీది కరెంటునకు వెల కట్టుట: నెవాడా రాష్ట్రమున జరిగిన సంగతి

మన గ్రామములందు మిద్దెలమీదను రేకుల కొట్టములమీదను నల్లని సూర్యఫలకములు అక్కడక్కడ కానవచ్చుచున్నవి. 2024 సం. ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వమువారు ప్రధానమంత్రి సూర్యఘర్ అను పథకమును ప్రారంభించినది మొదలు, సంఘ సభ్యులు నన్నడుగు ప్రశ్న యొక్కటియే: “పలకలు పెట్టించినచో నెలకెంత మిగులును?” ఈ ప్రశ్న మంచిదే. కాని దీనికంటె ముందుగా అడుగవలసినది వేరొకటి కలదు. మన కప్పుమీద పుట్టిన కరెంటులో మనము వాడుకొనగా మిగిలినదానిని తీగవెంట పంపినపుడు దానికి వెల కట్టువారెవరు? ఆ వెల యెన్నాళ్లు నిలుచును? పలకలు పాతికేండ్లు మన్నునని అమ్మువారు చెప్పుదురు. వెల కూడ అంతకాలము మన్నునా?

ఈ సంగతి తేటపడుటకు అమెరికా సంయుక్త రాష్ట్రములలోని నెవాడా రాష్ట్రపు చరిత్రము మిక్కిలి యుపయోగించును. అచ్చట 20 సంవత్సరముల వ్యవధిలో, 1997, 2015, 2017 సంవత్సరములందు, శాసనసభ యీ యొక్క విషయముపై మూడు త్రోవలు త్రొక్కినది. ఆ నడుమ వేలకొలది గృహస్థులు తమ యిండ్లపై పెట్టిన పెట్టుబడి ఒక్క యుత్తరువుతో మునుగుటయు, మరల తేలుటయు జరిగెను.

నెవాడా యెడారి దేశము. అమెరికా రాష్ట్రములన్నిటిలోను వానలు తక్కువ పడునది యదియే. వ్యవసాయమునకు సుఖమైన తావు కాదుగాని, సూర్యునకు అచ్చట కొదువలేదు. లాస్ వేగాస్ అను పెద్ద పట్టణము దక్షిణ భాగమున నున్నది. వేసవిలో ఆ పట్టణపు టిండ్లలో చల్లదనపు యంత్రములు ఆగకుండ తిరుగుచుండును. రాష్ట్రమందలి ప్రజలలో అధిక భాగమునకు కరెంటు నందించునది ఎన్‌వీ ఎనర్జీ యను కంపెనీ. 2013 సం.న దీనిని వారెన్ బఫెట్‌గారి బెర్క్‌షైర్ హాతవే సంస్థవారు కొనిరి. ఆ కంపెనీ తన యిచ్చ వచ్చిన ధర వసూలు చేయుటకు వీలులేదు. గవర్నరు నియమించు ముగ్గురు సభ్యులు గల ప్రజోపయోగ కమీషనువారు ధరలను నిర్ణయింతురు. కమీషనువారు శాసనసభ చేసిన చట్టమునకు లోబడి నడువవలయును. శాసనసభ, కమీషను, కంపెనీ, గృహస్థులు - ఈ నలుగురి నడుమ నడచినదే యీ కథ.

మొదట మీటరు సంగతి చెప్పెదను. పూర్వపు మీటరులో ఒక లోహపు బిళ్ల తిరుగుచుండెడిది. కరెంటు వీధి తీగనుండి ఇంటిలోనికి వచ్చునపుడు అది ముందునకు తిరుగును. పలకలు కట్టిన ఇంటిలో మధ్యాహ్నమున వాడకము తక్కువై ఉత్పత్తి హెచ్చైనపుడు, కరెంటు ఇంటినుండి వీధికి పోవును. బిళ్ల వెనుకకు తిరుగును. నెల కడపట నిలిచిన అంకెకు మాత్రమే గృహస్థుడు పైకము చెల్లించును. దీనినే నెట్ మీటరింగు అందురు. మనవారికి సులభముగ చెప్పవలెనన్న ఇది చేబదులు వంటిది. పొరుగువారికి కుంచెడు బియ్యము చేబదులిచ్చి, అవసరమైనపుడు కుంచెడు బియ్యమే తిరిగి తెచ్చుకొందుము. బియ్యపు ధర నాడెంత, నేడెంత యని ఎవరును లెక్క వేయరు. కొలతకు కొలత సరి.

ఇంకొక పద్ధతి కలదు. అది చేబదులు కాదు, బేరము. మన కల్లములో ధాన్యమును టోకు ధరకు అమ్మి, ఆరు మాసముల పిమ్మట అంగడిలో చిల్లర ధరకు బియ్యము కొనుట యెట్టిదో అట్టిది. తీగకు పంపిన యూనిట్టునకు ఒక ధర, తీగనుండి తీసికొనిన యూనిట్టునకు వేరొక ధర. అమ్ముడు ధర తక్కువ. కొనుబడి ధర హెచ్చు. మీటరు రెండు అంకెలను వేరువేరుగ చూపును. అమెరికాలో జరిగిన వివాదమంతయు, చట్టపు భాష తీసివేసి చూచినచో, ఈ చేబదులునకును బేరమునకును నడుమ నున్న తేడాయే.

1978 సం.న అమెరికా కేంద్ర ప్రభుత్వమువారు చేసిన యొక చట్టముచే, చిన్న ఉత్పత్తిదారులనుండి కంపెనీలు కరెంటును కొనక తప్పకపోయెను. ధర మాత్రము కంపెనీ తానుగ ఆ యూనిట్టును పుట్టించుకొనినచో అగు ఖర్చునకు సరిగా నుండవలెననిరి. అది టోకు ధరవంటిదే. కొలతకు కొలత సరియను పద్ధతిని చట్టముగా చేసిన మొదటి రాష్ట్రము మిన్నెసోటా, అది 1983లో. నెవాడా శాసనసభ 1997లో ఆ పద్ధతినే యనుసరించెను. ఆ కాలమున పలకల వెల విపరీతముగ నుండెను గనుక పెట్టించుకొనినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది. కంపెనీకి బాధ లేదు, శాసనసభకు చింత లేదు.

పిదప పలకల వెల సంవత్సర సంవత్సరమును పడిపోయెను. చేతిలో రొక్కము లేనివానికిని సోలార్‌సిటీ, సన్‌రన్, వివింట్ మొదలగు కంపెనీలు తామే పలకలు బిగించి, ఇరువది సంవత్సరములు నెలనెల కొంత సొమ్ము పుచ్చుకొను ఒప్పందములను వ్రాయించుకొనిరి. నెలసరి కరెంటు బిల్లులో తగ్గు మొత్తము, వాయిదా మొత్తముకంటె హెచ్చుగా నున్నంతవరకు గృహస్థునికి లాభమే. ఈ లెక్క యంతయు చేబదులు పద్ధతి నిలిచియుండుననెడి నమ్మకముపై ఆధారపడియున్నది. ఒప్పందములపై చేవ్రాలు చేసినవారిలో అనేకులు ఆ సంగతి తలపోయలేదు. మనలో మాత్రము పంట ఋణము వ్రాయునపుడు సాయంత్రపు వెలుగులో కాగితము వెనుక ప్రక్క చదువువారెందరు?

ఇప్పుడు కంపెనీ పక్షపు వాదమును న్యాయముగ చెప్పవలెను. కరెంటు ధరలో కరెంటు ఖరీదు మాత్రమే కాక, స్తంభములు, తీగలు, ట్రాన్సుఫార్మరులు, గాలివానలో తెగిన తీగ కట్టు పనివాని జీతము - ఇవన్నియు కలిసియుండును. పలకలున్న గృహస్థుడు రాత్రివేళ తీగనుండియే కరెంటు తీసికొనును. పగలు మిగులును ఆ తీగవెంటనే పంపును. తీగను ఇతరులకంటె ఎక్కువగానే వాడుచున్నాడు గాని, నెల కడపట బిల్లు సున్నకు సమీపముగ నుండుటచే తీగల ఖర్చులో తన వంతు చెల్లించుట లేదు. ఆ వంతు పలకలు లేనివారిపై పడును. పలకలు లేనివారెవరు? అద్దె యిండ్లవారు, కప్పు మంచిది కానివారు, అప్పు పుట్టనివారు. ఇది తేలికగ త్రోసివేయదగిన వాదము కాదు.

గృహస్థుల పక్షమువారు మారుగా ఇట్లనిరి: మా కప్పుమీది కరెంటు ప్రక్కయింటివాడే వాడుకొనును. దూరపు కేంద్రమునుండి తెచ్చునపుడు తీగలలో హరించిపోవు భాగము దీనిలో హరించదు. వేసవి మధ్యాహ్నమున వాడకము మిన్ను ముట్టినపుడు మేము సాయపడుటచే కంపెనీవారు క్రొత్త కేంద్రము కట్టు అవసరము వెనుకబడును. బొగ్గు, వాయువు కాల్చుట తగ్గును. వీటికి వెల కట్టరా? 2014లో కమీషనువారికొరకు జరిగిన యొక పరిశీలనలో, అన్నియు కూడి చూడగా ఈ పద్ధతివలన మిగిలినవారికి నష్టము లేదనియు, లాభమే యనియు తేలెను. తరువాత పలకల వెల, వాయువు వెల మారినందున 2016లో మరల చేసిన లెక్క వేరుగా వచ్చెను. ఏ ఖర్చును కలుపవలయును, ఏ లాభమును విడువవలయును అనుదానిపై ఉత్తరము మారుచుండును. సేద్యపు ఖర్చులో ఇంటివారి కూలి కలిపిన ఒక లెక్క, కలుపకున్న ఒక లెక్క రాదా? ఇదియు అంతియే.

చట్టము ఈ పద్ధతికి ఒక మేర యేర్పరచియుండెను. ఆ మేర దగ్గరపడుచుండగా 2015 సం.న శాసనసభ ఎస్‌బీ 374 అను చట్టమును చేసెను. జూను మాసమున గవర్నరు బ్రయన్ సాండోవల్‌గారు చేవ్రాలు చేసిరి. 235 మెగావాట్లవరకు పాత పద్ధతియే నడచుననియు, అటుపిమ్మట ఎట్టి ధర, ఎట్టి రుసుము ఉండవలెనో కమీషనువారే నిర్ణయింపవలెననియు అందలి సారము. కష్టమైన తీర్పును శాసనసభ తాను చేయక కమీషనుకు ఒప్పగించెను. ఆ 235 మెగావాట్లు ఆగస్టు నాటికే నిండిపోయెను.

2015 డిసెంబరు మాసాంతమున, క్రిస్‌మసు పండుగకు కొన్ని దినములు ముందు, కమీషనువారు ముగ్గురును ఏకాభిప్రాయముతో ఉత్తరువు చేసిరి. పలకలున్న గృహస్థులను వేరు తరగతిగ విడదీసిరి. దక్షిణ నెవాడాలో మీటరు నెలసరి రుసుము 12.75 డాలర్లనుండి 2016 జనవరి 1వ తేదీకే 17.90 డాలర్లు కాగలదనియు, మెట్లు మెట్లుగా పెరిగి 2020 నాటికి 38.51 డాలర్లకు చేరుననియు చెప్పిరి. గృహస్థుడు తీగకు పంపు యూనిట్టునకు అంతవరకు సుమారు 11 సెంట్లు కట్టుచుండగా, అది మొదట 9 సెంట్లకును, 2020 నాటికి 2.6 సెంట్లకును దిగును. ఇంతవరకు క్రొత్తవారికి మాత్రమే యనినచో గొడవ ఇంతగా ఉండెడిది కాదు. కమీషనువారు ఈ ఉత్తరువును అంతకుముందే పలకలు పెట్టించుకొనినవారికిని వర్తింపజేసిరి.

మన బడిలో పలకమీద వేసినట్లు ఒక లెక్క వేసి చూతము. ఇది నేను దృష్టాంతముగ తీసికొనినది. ఒక ఇంటికి నెలకు 1,000 యూనిట్లు కావలెననుకొందము. పలకలు 900 యూనిట్లు పుట్టించును. అందులో 450 పగటివేళ ఇంటిలోనే వాడుకొనబడును. 450 తీగకు పోవును. సాయంకాలమును రాత్రియు తీగనుండి 550 యూనిట్లు వచ్చును. యూనిట్టునకు 11 సెంట్లు.

పలకలే లేకున్నచో: 1,000 యూనిట్లకు 110 డాలర్లు, రుసుము 12.75; మొత్తము 122.75 డాలర్లు.

చేబదులు పద్ధతిలో: 550లో 450 పోగా నిలిచినవి 100 యూనిట్లు. 11 డాలర్లు, రుసుము 12.75, మొత్తము 23.75. నెలకు మిగిలినది 99 డాలర్లు.

ఉత్తరువు పూర్తిగా అమలైన పిమ్మట, కరెంటు ధర మారలేదనుకొనినచో: తీసికొనిన 550 యూనిట్లకు 60.50 డాలర్లు, పంపిన 450 యూనిట్లకు 2.6 సెంట్ల చొప్పున 11.70 డాలర్లు తీసివేయగా 48.80, రుసుము 38.51, మొత్తము 87.31. నెలకు మిగిలినది 35.44 డాలర్లు.

పలకలు అవియే. సూర్యుడు వాడే. యూనిట్లు అంతే. 99 డాలర్లు మిగులునని నమ్మి నెలకు 80 డాలర్ల వాయిదా ఒప్పుకొనిన గృహస్థుడు, ఇకమీద ప్రతి నెలయు 44 డాలర్లకు పైగా చేతినుండి పెట్టుకొనవలసివచ్చును. పలకలు ఊడదీసినను వాయిదా తప్పదు. విత్తనము చల్లునాడు ఒక ధర ప్రకటించి, పంట కోసిననాడు వేరు ధర చెప్పినచో రైతునకు కలుగు మనోవ్యథ యెట్టిదో మనకు వేరుగ చెప్పనక్కరలేదు. క్రొత్తగా వచ్చువానికి ధర మార్చుట ప్రభుత్వముల హక్కు. వాడు లెక్క చూచుకొని రావచ్చును, మానవచ్చును. కాని పాత ధరను నమ్మి పెట్టుబడి పెట్టినవాని విషయమున మార్చుట సరికాదని నా యభిప్రాయము. నెవాడాలో కమీషనువారిని సమర్థించినవారు, ధరలు ఎప్పుడును మారుచుండునని అందరికిని తెలిసినదే గదా యనిరి. కరెంటు ధర మారుట వేరు. చేబదులును బేరముగా మార్చుట వేరు.

ఫలితము వెంటనే కనబడెను. సోలార్‌సిటీవారు నెవాడాలో క్రొత్త పనులు నిలిపి, 550 మంది ఉద్యోగులను తీసివేసిరి. సన్‌రన్, వివింట్ కంపెనీలును తొలగిపోయెను. నిచ్చెన యెక్కి పలకలు బిగించు పనివారు పొరుగు రాష్ట్రములకు పోయిరి. కమీషను కచ్చేరీయెదుట జనులు గుమికూడి కేకలు వేసిరి. 2016 ఫిబ్రవరిలో కమీషనువారు కొంత మెత్తబడి, ధరల మార్పును నాలుగు సంవత్సరములకు బదులు పండ్రెండు సంవత్సరములకు విస్తరించిరి. మందు అదియే, మోతాదు మాత్రము చిన్నది. పాతవారిని విడిచిపెట్టలేదు.

ఇచ్చట నుండి కథ మరలినది. ప్రజల ఓటుకు పెట్టి ఉత్తరువును త్రోసివేయవలెనని కొందరు కాగితములు నింపించిరిగాని, ఆ విన్నపములోని వివరణము జనులను తప్పుదారి పట్టించునదిగ నున్నదని 2016 ఆగస్టులో రాష్ట్రపు సర్వోన్నత న్యాయస్థానము దానిని త్రోసిపుచ్చెను. సెప్టెంబరులో రాజధానియైన కార్సన్ సిటీలోని జిల్లా న్యాయస్థానము వేరొక దారిన, పాత గృహస్థులకు ఈ మార్పు తమకును తగులునని ముందుగా తగిన నోటీసు ఇయ్యలేదని తీర్పు చెప్పెను. అదే మాసమున కంపెనీయు, ప్రతిపక్షమువారును, కమీషనును ఒక రాజీకి వచ్చిరి. సుమారు 32,000 మంది పాత గృహస్థులకు ఇరువది సంవత్సరములపాటు పాత పద్ధతియే నడచును. రాజీకి మొదట అడుగు వేసినది కంపెనీయే యగుట గమనింపదగినది. తొమ్మిది నెలలలో ప్రజల మనసు ఎటు తిరిగినదో వారికి బోధపడెను.

2017 సం.న శాసనసభ ఏబీ 405 అను చట్టమును చేసెను. అంతకు రెండు సంవత్సరములముందు ఎస్‌బీ 374పై చేవ్రాలు చేసిన సాండోవల్‌గారే దీనిమీదను జూను 15వ తేదీన చేవ్రాలు చేసిరి. 25 కిలోవాట్లవరకు గల చిన్న ఉత్పత్తిదారులకు ఇది వర్తించును. దీనిలోని యుపాయము చదువరులు నెమ్మదిగ గ్రహింపవలయును. ఒక నెలలో ఇంటికి తీసికొనినదానికంటె తీగకు పంపినది హెచ్చైనచో, ఆ హెచ్చునకు చిల్లర ధరలో ఇంత శాతమని కట్టుదురు. మొదటి 80 మెగావాట్లు నిండువరకు చేరినవారికి 95 శాతము. తరువాతి 80 మెగావాట్లకు 88 శాతము. ఆ తరువాతి 80కి 81 శాతము. అటుపైని వచ్చువారందరికిని 75 శాతము. ఎవడు ఏ మెట్టున చేరునో వానికి ఆ శాతము ఇరువది సంవత్సరములు మారదు. ముందు వచ్చినవానికి హెచ్చు, వెనుక వచ్చినవానికి తక్కువ, కాని యెవ్వనికిని నడుమ మార్పు లేదు. మెట్లు ఇప్పుడు దిగివచ్చి 75 శాతముకడ నిలిచియున్నవి.

ఆ చట్టములోనిదే ఇంకొక వాక్యము విలువైనది. పలకలున్నవారిని వేరు తరగతిగ విడదీసి వారిమీద మాత్రమే హెచ్చు రుసుము వేయరాదు. అందరికి ఏ రుసుమో వారికిని అదే. తన యింటికొరకు కరెంటు పుట్టించుకొనుట, నిలువచేసికొనుట గృహస్థుని హక్కులుగ వ్రాసిరి.

అంతటితో తగవు చల్లారెననుకొనరాదు. 2025లో కంపెనీవారు లెక్క చూచు వ్యవధిని నెల నుండి పదునైదు నిమిషములకు తగ్గింపవలెనని కోరిరి. పైకి ఇది చిన్న మార్పువలె తోచును. కాని పై లెక్కను చూడుడు: నెలకొకసారి లెక్క చూచినందుననే మధ్యాహ్నపు 450 యూనిట్లు రాత్రి 550లో నుండి తీసివేయబడినవి. పదునైదు నిమిషములకొకసారి లెక్క చూచినచో మధ్యాహ్నపు మిగులు ఆ మధ్యాహ్నమే తక్కువ ధరకు అమ్ముడగును. రాత్రి కరెంటు పూర్తి ధరకు కొనవలసివచ్చును. శాతము మార్చకుండ, చట్టమును తాకకుండ, గడియారము మార్చి ఆదాయమును మార్చవచ్చును! ఏ ఒప్పందమందైనను ధర యెంతయని అడిగినవెంటనే, లెక్క ఎన్నాళ్లకొకసారి యని కూడ అడుగవలయును.

పొరుగుననున్న కాలిఫోర్నియా రాష్ట్రమును గూర్చి నాలుగు మాటలు చాలును. మన తెలుగువారు పెక్కుమంది అచ్చట ఇండ్లు కట్టుకొని పలకలు పెట్టించుకొనియున్నారు గనుక సభ్యులలో కొందరికి బంధువులద్వారా ఈ సంగతి తెలిసియుండును. అక్కడి శాసనసభ 2013లో చేసిన ఏబీ 327 చట్టమునుబట్టి కమీషనువారు పద్ధతిని మార్చుచు వచ్చి, 2022 డిసెంబరు 15న చేబదులునకు స్వస్తి చెప్పిరి. 2023 ఏప్రిలు 14 దాటిన పిదప దరఖాస్తు చేసినవారికి తీగకు పంపిన కరెంటుపై దొరకు వెల సగటున సుమారు నాలుగింట మూడు వంతులు తగ్గెను. కారణము మన కల్లముల కారణమే. అందరి ధాన్యము ఒక్కమారే అంగడికి వచ్చినపుడు ధర పడునట్లు, అందరి పలకలును మధ్యాహ్నముననే పండుటచే మధ్యాహ్నపు కరెంటు చవుక. సూర్యుడు క్రుంకిన గడియలో వాడకము పెరిగి కరెంటు ప్రియము. ఈ హెచ్చుతగ్గుల పటము ప్రక్కనుండి చూచుటకు బాతువలె నున్నదని అక్కడి యింజనీర్లు దానికి బాతు పేరు పెట్టిరి. అందుచే అక్కడ క్రొత్తగా పలకలు పెట్టువారు బ్యాటరీలను కూడ జతచేయుచున్నారు. అది గాదె కట్టుకొనుటవంటిది. గాదె ఖరీదును ఎవరిది? గృహస్థునిదే. కాని పాతవారిని మాత్రము కాలిఫోర్నియావారు ఇరువది సంవత్సరములు ముట్టుకొనలేదు. నెవాడాలో కాలిన చేతులను చూచినవారు గదా.

ఇక మనకు సంబంధించిన భాగము. మన దేశమున 2003 విద్యుచ్ఛక్తి చట్టముక్రింద ఏర్పడిన రాష్ట్ర నియంత్రణ కమీషనులు ఈ ధరలను నిర్ణయించుచున్నవి. 2020లో కేంద్రమువారు చేసిన వినియోగదారుల హక్కుల నియమములను 2021 జూనులో సవరించి, 500 కిలోవాట్లు లేక మంజూరైన లోడు, వీటిలో ఏది తక్కువైన దానివరకు నెట్ మీటరింగు ఉండవలెననిరి. సూర్యఘర్ పథకమున ఒక కిలోవాటునకు 30,000 రూపాయలు, రెండు కిలోవాట్లకు 60,000, మూడును అంతకు మించినవానికిని 78,000 రూపాయలు సహాయముగ నిర్ణయింపబడినది. ఒక కిలోవాటు పలకలకు సుమారు నూరు చదరపుటడుగుల కప్పు కావలెను. దినమునకు నాలుగు యూనిట్లు వచ్చుననుకొనవచ్చును.

రైతు గృహస్థుడు ఇచ్చట తన లెక్కను తానే వేసికొనవలెను. పొలము మోటారునకు 2004 నుండి ఉచిత విద్యుత్తు గలదు గనుక, పలకలు ఆదాచేయునది ఇంటి మీటరు బిల్లును మాత్రమే. ఇంటి బిల్లు మెట్ల ధరలపై నడచును. తక్కువ వాడువానికి యూనిట్టు చవుక, హెచ్చు వాడువానికి ప్రియము. రెండు దీపములు, ఒక పంకా గల ఇంటివాడు ఆదాచేయు యూనిట్టు చవుక యూనిట్టే. చల్లదనపు యంత్రము, నీటి మోటారు, పిండిమర గల ఇంటివాడు ఆదాచేయునది ప్రియమైన యూనిట్టు. అదే పలక ఒకనికి ఐదేండ్లలో ఖర్చు తీర్చును; వేరొకనికి పదునైదేండ్లు పట్టును. అమ్మువాడు ఇద్దరికిని ఒకే కాగితము చూపును.

సహకార సంఘీయులకు ఇందులో మరియొక విషయము కలదు. అమెరికాలో 1935, 36 సంవత్సరములనుండి పల్లెలకు కరెంటు తీసికొనిపోయినవి రైతుల సహకార సంఘములే. ఆ నమూనాపైననే, ఆ దేశపు సంఘముల సహాయముతో, 1970 ప్రాంతమున మన సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘము వెలసెను. కంపెనీ చేతిలోని తీగ వేరు, సంఘము చేతిలోని తీగ వేరు. సంఘములో స్తంభమునకు పెట్టిన ఖర్చు సభ్యులదే, మిద్దెమీద పలకలు పెట్టినవాడును సభ్యుడే, పెట్టలేనివాడును సభ్యుడే. ఒకని బిల్లు తగ్గినంత వేరొకనిపై పడునా లేదా యను ప్రశ్న అచ్చట పరులతో తగవు కాదు, ఇంటిలో పంపకము. పాల సంఘములో దూడకు విడుచుటకును, ఇంటివాడకమునకును పోగా మిగిలిన పాలు కేంద్రములో పోసి, సాయంత్రము ఆ పోసిన ధరకే తిరిగి కావలెనని ఎవరును అడుగరు. మోసిన బండికి, చల్లబరచిన యంత్రమునకు కొంత విడుతురు. ఎంత విడువవలెనను దానిని సర్వసభ్య సమావేశమున చేతులెత్తి తేల్చుకొందురు. అట్టి సమావేశము నెవాడా గృహస్థునికి లేకపోయెను. వాడు కచ్చేరీ వాకిట కేకలు వేయవలసివచ్చెను.

పలకలకు దరఖాస్తు పెట్టదలచిన సభ్యులు డిస్కము కచ్చేరీలో ఈ క్రింది సంగతులను వ్రాతమూలకముగ తెలిసికొనుడు. మాకిచ్చునది నెట్ మీటరింగా, లేక రెండు ధరల బిల్లింగా? మిగులు యూనిట్లు ఎన్ని నెలలు నిలువయుండును, ఆపైన వానికి రూపాయలలో ఏమి దొరకును? ఒప్పందము ఎన్ని సంవత్సరములు, నడుమ ధర పద్ధతి మారినచో పాతవారికి వర్తించునా? ఇల్లు అమ్మినను, కుమారుల పేర మార్చినను ఆ ఒప్పందము వెంట వచ్చునా? మూడవ ప్రశ్నకు నోటిమాటగా “ఏమియు కాదు లెండి” అని చెప్పుదురు. నెవాడాలో అమ్మకపు టేజెంట్లును అట్లే చెప్పిరి. కాగితములో ఏమున్నదో చూడుడు.

గడచిన పండ్రెండు నెలల ఇంటి బిల్లులను సంఘపు కచ్చేరీకి తెచ్చినచో, పైన చూపినట్లు మూడు విధముల లెక్కను రూపాయలలో వేసి చూపుటకు నాకు అరగంట చాలును. బ్యాంకు ఋణపు వాయిదా కాగితము ఉన్నచో దానిని కూడ తెండు. వేసవి నెలల బిల్లులు మరువవద్దు; లెక్క తారుమారగుట అచ్చటనే.